అమ్మ పేరు రాసిన సౌండ్ బాక్సులు

నాకు ముక్కు మీద కోపం. ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను, అయినా గొంతు తగ్గలేదు. మా గుడిలో పాటల బృందాన్ని కూడా అదే గొంతుతో నడిపేదాన్ని. మాది రాజోలుకీ మామిడికుదురుకీ మధ్య చిన్న ఊరు. మా వైపు క్రైస్తవులం చర్చిని గుడి అనే అంటాం. పాడే ఇరవై మందిలో ఒక్కరు పిసరంత శ్రుతి తప్పినా, ఎవరు తప్పారో వెనక్కి తిరక్కుండా చెప్పేసేదాన్ని. "టీచరుగారికి వీపుకి కూడా చెవులున్నాయండి బాబూ" అనేవారు. ఆ మాటకి పైకి కసిరేదాన్ని కానీ, లోపల ఎంత పొంగిపోయేదాన్నో నాకే తెలుసు.

అలాంటి నాకు కిందటేడు ఒక భయం పట్టుకుంది. వంటింటి గడియారం ఆగిపోయిందనుకుని సెల్ మార్చాను. మార్చాక కూడా టిక్కుటిక్కుమనలేదు. స్టూలెక్కి చూస్తే ముల్లు నిక్షేపంగా తిరుగుతోంది. చెయ్యి గోడకి ఆనించి ఆ స్టూలు మీదే కాసేపు నిలబడిపోయాను. నా చెవులు పోతున్నాయా? అలా అనుకున్నానో లేదో, దిక్కుమాలిన గడియారం అని తిట్టుకుని దిగిపోయాను. చెవి పోతే బృందం పోతుంది. బృందం పోతే నాకు మిగిలేది పింఛనూ, టీవీ సీరియళ్ళూను.

గుడిలో పాట మసగ్గా వినపడడం మొదలయ్యేసరికి, నేరం నెట్టడానికి పాత సౌండ్ బాక్సులు దొరికాయి. "ఈ డొక్కు బాక్సుల్లోంచి పాట రమ్మంటే ఎక్కణ్ణించి వస్తుంది?" అని ప్రతి ఆదివారం సాధించాను. చివరికి నేనే అన్నాను, అమ్మ జ్ఞాపకార్థం మంచి బాక్సులు నేనిస్తానని. ఏదో నాసిరకం కాదు, ఒకసారి పెడితే ఇరవై ఏళ్ళు చూసుకోనక్కర్లేనివి. గుడి సంఘమంతా చప్పట్లు కొట్టింది.

అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. పోయి మూడేళ్ళవుతోంది. చివరి అయిదారేళ్ళూ నా దగ్గరే ఉంది. ఏమడిగినా "ఆయ్" అనేది. మా గోదావరి వాళ్ళకి ఆయ్ అంటే సరే, అవును, అలాగే, అన్నీను. అన్నం పెట్టనా అంటే ఆయ్. మాత్ర వేసుకున్నావా అంటే ఆయ్. వేసుకునేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. "చెవిలో సీసం పోసేరా నీకు?" అని అరిచేదాన్ని. మొదట్లో "వినపళ్ళేదే, ఇంకోసారి చెప్పవే" అని అడిగేది. రెండోసారి చెప్పేటప్పుడు నా మొహం ఎలా ఉండేదో ఏమో, అడగడం మానేసింది. అక్కణ్ణించి అంతా ఆయ్.

ఒక ఆదివారం గాలివానకి కరెంటు పోయి, మా పాట లేకుండానే ఆరాధన ముగించారు. ఇంటికి నడుస్తూ "పాట ఎలా ఉందమ్మా?" అని అడిగాను. కావాలనే అడిగాను. "ఆయ్, చాలా బాగా పాడేరే" అంది. నేను పగలబడి నవ్వాను. పక్కన నడుస్తున్న వాళ్ళకి చెప్పి వాళ్ళనీ నవ్వించాను. ఎందుకు నవ్వుతున్నామో తెలియక అమ్మ కూడా నవ్వింది.

సరే, బాక్సుల సంగతి. మా సంఘపెద్దగారు పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి, డెబ్బై దాటాయి. నేను అన్నయ్యగారంటాను. కొత్తపేటలో ఒకాయన రికార్డింగ్ స్టూడియో ఎత్తేస్తున్నాడని ఆయనే కబురు తెచ్చారు. విదేశీ బాక్సులు, ఎనిమిదేళ్ళు వాడినవి, కొత్తవాటిలో సగం ధరకి ఇచ్చేస్తాడట. ఇద్దరం వెళ్ళాం.

స్టూడియో ఆయన మర్యాదస్తుడు. కుర్చీలు వేశాడు, కొబ్బరిబొండాలు కొట్టించాడు. బాక్సులు నల్లగా, నున్నగా, చూడ్డానికి కొత్తవాటికి తీసిపోవు. అప్పుడు చెప్పాడు.

"వాడిన సరుకండీ. ఒకసారి పట్టికెళ్తే వెనక్కి తీసుకోడం ఉండదండి. మీరు ఎంతసేపైనా కూచుని వినండి. మీ చెవులే గ్యారంటీ అండి."

మీ చెవులే గ్యారంటీ. ఆ మాటకి బొండాం పక్కన పెట్టేశాను.

"ఎడమ బాక్సులో పైనున్న చిన్న స్పీకరు కిందటేడు మార్చేనండి. దాచడం ఎందుకు? తేడా ఏమైనా తెలుస్తోందేమో చూసి చెప్పండి" అని పాట పెట్టాడు. ఎవరో ఆడమనిషి పాడుతోంది. గొంతు బాగానే వినపడింది. "వెనకాల చిరుతాళాలు చూడండి, ఎంత సన్నగా మోగుతున్నాయో" అన్నాడు. ఏ తాళాలు? నాకు తాళాలే లేవు. అడగబోయి నాలుక కరుచుకున్నాను, ఎందుకంటే పక్కన అన్నయ్యగారు కళ్ళు మూసుకుని, తొడ మీద వేలితో టకటకా తాళం వేస్తున్నారు. అది పాట నడకకి కాదు, ఇంకా వేగంగా దేనికో వేస్తున్నారు. నాకు వినపడని దానికి.

"ఎడమది కొంచెం కీచుగా ఉన్నట్టుందండి" అన్నారాయన కళ్ళు తెరిచి. "అంతేగానీ చాలా బాగున్నాయి. ఏమంటావు చెల్లెమ్మా?"

ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు. ఊళ్ళో చెవికి పేరు పడ్డదాన్ని నేనే కదా. ఆ గదిలోంచి బయట పడితే చాలనిపించింది.

"పాత సరుకు మా అమ్మ పేరు మీద ఇస్తానా?" అని లేచాను. "ఒకరి స్టూడియోలో అరగ్గొట్టినవి తెచ్చి దేవుడి గుళ్ళో పెడతామా అన్నయ్యగారూ?"

స్టూడియో ఆయన చిన్నబుచ్చుకున్నాడు. అన్నయ్యగారు ఆటోలో "మంచి బాక్సులమ్మా అవి" అన్నారు. నేను కాలవ వైపు చూస్తూ కూచున్నాను.

ఆ వారమే రాజమండ్రిలో ఒక పెద్ద కొట్టుకి వెళ్ళి కొత్తవి కొన్నాను, ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడ కూడా పాట పెట్టి వినిపిస్తామన్నారు. అక్కర్లేదన్నాను. నాకు కావలసింది బిల్లు వెనకాల అచ్చేసి ఉంది. పది రోజుల్లోగా నచ్చకపోతే, కారణం చెప్పక్కర్లేకుండా వెనక్కి ఇచ్చెయ్యొచ్చు. అట్టపెట్టెలూ థర్మకోలూ ఉండాలి, బాక్సు మీద గీత కూడా పడకూడదు, అంతే. నా చెవి గ్యారంటీ ఇవ్వక్కర్లేదు. పది రోజుల్లో నాకు పాట మునుపట్లా వినపడిందా, సరే. వినపడలేదా, బాక్సులు బాగాలేవని పంపించేసి ఇంకోటి తెప్పిస్తాను. వెనక్కిచ్చే సంగతి అన్నయ్యగారికి కూడా చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారు.

బాక్సులు శుక్రవారం దిగాయి. అట్టపెట్టెల్ని మా వరండాలో పెట్టించి, జల్లు పడకుండా టార్పాలిన్ కప్పించాను. "ఆ అట్టలెందుకండీ టీచరుగారూ?" అని దింపినవాళ్ళు అడిగితే, మీకెందుకని కసిరాను.

ఆదివారం మా బృందం పాడింది. నేను ముందు నిలబడి ఊపిరి బిగబట్టి విన్నాను. మళ్ళీ అదే మసక. "స" అన్నచోట అక్షరమే లేదు. మాటల అంచులు ఎవరో కోసేసినట్టున్నాయి. ఆరాధన అయ్యాక జనం నా చుట్టూ మూగి "ఎంత క్లియరుగా ఉందండీ!" "వెనక బెంచీలో ఒక్క ముక్క పోలేదండి" అంటున్నారు. మొహమాటానికి అంటున్నారనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. రోజూ మధ్యాహ్నం తాళంచెవి పుచ్చుకుని గుడికి వెళ్ళడం, పాట పెట్టుకుని ఒక్కో బెంచీ మీదా కూచుని వినడం. నాలుగో రోజు, అయిదో రోజు. సౌండు పెంచాను. ఇంకా పెంచాను. గుడి పక్కింటావిడ గోడ మీంచి "టీచరుగారండోయ్, మా దూడ బెదిరిపోతోందండి!" అని కేకేసింది. బుధవారం సాధన రోజున నా కోపమంతా పాడేవాళ్ళ మీద పడింది. "నోట్లో జామకాయలు పెట్టుకుని పాడుతున్నారా? మాట స్పష్టంగా పలకండి!" హార్మోనియం వాయించే అమ్మాయి, నా దగ్గర చదువుకున్నదే, "అలాగే పలుకుతున్నాం కదండీ" అంది మెల్లిగా. "ఎదురు చెప్పకు" అన్నాను. అదేమందో పెదాలు చూసి తెలుసుకున్నాను గానీ నాకు వినపడి కాదు.

శనివారానికి తొమ్మిదో రోజు. వెనక్కి ఇచ్చేద్దామని నిశ్చయించుకున్నాను. పొద్దున్నే ఆటో మాట్లాడి, అట్టపెట్టెలు వేయించుకుని గుడికి వెళ్ళాను. తలుపు తీసి చూసి అక్కడే ఆగిపోయాను.

రెండు బాక్సుల మొహాల మీదా పసుప్పచ్చ రంగుతో అక్షరాలు. ప్రభువునందు నిద్రించిన అని మొదలుపెట్టి, అమ్మ పేరు, జ్ఞాపకార్థం అని, కింద కుమార్తె అని నా పేరు. చివర చిన్న పువ్వు కూడా వేశారు.

మా గుళ్ళో పేరు లేని వస్తువు ఉండదు. ఫ్యాను రెక్కల మీద ఉంటుంది, కుర్చీ వీపు మీద ఉంటుంది, గోడ గడియారం మీద ఉంటుంది, మంచినీళ్ళ డ్రమ్ము మీద ఉంటుంది. ఫ్యాను తిరిగినంతసేపూ ఎవరి తాతగారో గుండ్రంగా తిరుగుతూనే ఉంటారు. ఇచ్చిన వస్తువు మీద పేరు రాయించకపోతే ఇచ్చినవాళ్ళని చిన్నచూపు చూసినట్టు. ఆ సంగతి నాకు తెలియదా? పుట్టి బుద్ధెరిగినప్పటినించీ చూస్తున్నాను. కానీ నా భయంలో పడి అదే మర్చిపోయాను.

అన్నయ్యగారు వెనకాలే వచ్చారు, మొహమంతా నవ్వుతో. "నిన్న సాయంత్రం గేటు మీద రాయడానికి బోర్డులు రాసే ఆయన వచ్చేడమ్మా. పనిలో పనిగా నేనే రాయించేను. రేపు ఆదివారం నువ్వు చూసుకుని సంతోషిస్తావని..."

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరు రాయమన్నారండీ మిమ్మల్ని? నన్నొక మాట అడగక్కర్లేదా? ఇవి నేను వెనక్కి ఇచ్చేస్తున్నాను!"

ఆయన నవ్వు అలాగే ఆగిపోయింది. "వెనక్కా? ఎందుకమ్మా? ఇంత మంచి బాక్సులు..."

"మంచివి కావు! పాట వినపడటం లేదు!"

"నాకు వినపడుతోంది కదమ్మా" అన్నారాయన, నెమ్మదిగా.

నేను బయటికొచ్చి కొట్టుకి ఫోన్ చేశాను. రంగు వేసిన సరుకు వెనక్కి తీసుకోం అన్నారు. గడువు రేపటి దాకా ఉందన్నాను. గడువు సంగతి కాదు మేడమ్, పేరు రాసేశాక మేం ఎవరికి అమ్ముతాం అన్నారు. అదీ న్యాయమే. ఒక్కటే దారి చెప్పారు. బాక్సులో లోపం ఉందని తేలితే, రాత ఉన్నా సరే మారుస్తారు. రేపు వాళ్ళ మనిషి వచ్చి పరీక్ష చేస్తాడు.

"లోపం ఉంది. పంపండి" అన్నాను.

పేరు రాయకపోయి ఉంటే కారణం చెప్పకుండా ఇచ్చేసేదాన్ని, ఇంకో జత తెప్పించేదాన్ని, వాటినీ తిట్టేదాన్ని. అలా ఎన్నాళ్ళు నెట్టుకొచ్చేదాన్నో. ఇప్పుడు లోపం ఎక్కడుందో తేలాలి.

ఆదివారం ఆరాధన అయ్యేసరికి కొట్టు మనిషి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, భుజాన సంచీ, నెమ్మదస్తుడు. ల్యాప్‌టాప్ తీశాడు, చిన్న మైకు పెట్టాడు, బాక్సుల్లోంచి ఏవో చప్పుళ్ళు పంపి తెర మీద గీతలు చూశాడు. జనం ఇళ్ళకి పోకుండా బెంచీల్లోనే ఉండిపోయారు. అరగంటయ్యాక నా దగ్గరికొచ్చి అన్నాడు.

"రెండూ శుభ్రంగా ఉన్నాయండి. ఏ లోపమూ లేదండి."

అక్కడితో ఊరుకుంటే పోయేది. నా నోరు ఊరుకోదే! "మీ గీతలు ఎవరిక్కావాలి? పాట వినేది మనుషులు. మనుషుల్ని అడగండి" అన్నాను గట్టిగా, అందరికీ వినపడేలా.

ఆయన ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళాడు. "సరేనండి. ఒక ఈల లాంటి చప్పుడు పెడతానండి. లావుగా మొదలై పోనుపోను సన్నబడుతుంది. వినపడినంతసేపూ చెయ్యెత్తి ఉంచండి. వినపడ్డం మానేస్తే దించెయ్యండి. ఒకళ్ళని చూసి ఒకళ్ళు ఎత్తకుండా కళ్ళు మూసుకోవాలండి."

"విన్నారుగా? ఎవరూ కళ్ళు తెరవద్దు!" అన్నాను, పూర్తిగా బడి గొంతుతో. నేనూ ముందు వరసలో నిలబడి, కళ్ళు మూసుకుని, కుడి చెయ్యెత్తాను.

ఈల మొదలైంది. బాగా వినపడింది. పైకి వెళ్ళింది, ఇంకా వినపడింది. ఇంకొంచెం పైకి వెళ్ళింది. తర్వాత పలచబడింది. తర్వాత లేదు. నెత్తి మీద ఫ్యాను చప్పుడొకటే ఉంది. చెవిలో ఎప్పుడూ ఉండే సన్నని మోత ఉంది, అది ఈలో, నా చెవి మోతో చెప్పలేకపోయాను. దించాలి. దించితే ఎలా? చుట్టూ ఇంకా ఎంతమంది చేతులు పైన ఉన్నాయో? బృందంలో వాళ్ళవన్నీ ఉండే ఉంటాయి. డెబ్బై దాటిన అన్నయ్యగారిది కూడా ఉంటుంది. నాదొక్కటే కింద ఉంటే? ప్రభువా, నాదొక్కటే కింద ఉండకూడదు. చెయ్యి లాగేస్తోంది. భుజం నొప్పి పుడుతోంది. అయినా అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు.

ఎవరో మోచేతిని పట్టుకున్నారు. కళ్ళు తెరిచాను. అన్నయ్యగారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

"చెల్లెమ్మా, చెయ్యి దించమ్మా. ఎప్పుడో ఆపేసేడు."

గుడి నిండా జనం. ఒక్క చెయ్యి కూడా పైన లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది, తిట్టడానికైనా ఉండేది. హార్మోనియం అమ్మాయి మాత్రం తల దించుకుని హార్మోనియం పెట్టె మీద గుడ్డ సర్దుతోంది, నన్ను చూడకుండా ఉండడానికి.

నాకు ఎదురుగా పసుప్పచ్చ అక్షరాల్లో అమ్మ పేరు ఉంది. కరెంటు లేని ఆ ఆదివారం అమ్మ "చాలా బాగా పాడేరే" అన్న మాటా, నేను వినపడకుండా ఎత్తి ఉంచిన ఈ చెయ్యి లాంటిదే. నేను దారిన పోయేవాళ్ళని కూడా నవ్వించాను.

"బాక్సులు మంచివేనండి" అన్నాను. "నా చెవులే బాగాలేవు. ఏడాది నించీ బాగాలేవు. వచ్చే వారం నించి శ్రుతి హార్మోనియం అమ్మాయి చూస్తుంది."

అన్నయ్యగారు తుండుతో మొహం తుడుచుకున్నారు. జనం ఒక్కొక్కరే లేచారు. కొందరు వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యేసి వెళ్ళారు.

కొట్టు మనిషి సంచీ సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి నాతో ఏదో అన్నాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, జనం మాట్లాడుకుంటున్నారు. పెదాలు కదలడం కనపడింది, మాట రాలేదు.

"ఆయ్" అన్నాను.

అనేశాక తెలిసింది ఏమన్నానో. ఆయన తలూపి మెట్లు దిగిపోతున్నాడు. నేను గబగబా గుమ్మంలోకి నడిచాను.

"బాబూ, ఆగు. నువ్వన్నది నాకు వినపడలేదు. ఇంకోసారి చెప్పు."

ఆయన మెట్లెక్కి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ఏ మాత్రం విసుగు లేదు మొహంలో. ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"చెవుల డాక్టరు దగ్గిరికి వెళ్తే ముందు ఇదే అడుగుతారండి. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అండి? మీ అమ్మగారికేమైనా?"

"ఉండేది బాబూ" అన్నాను. "ఇంకోసారి చెప్పమని అడిగేది. నేనే కసిరేదాన్ని."